పేర్లు దాచండి, అడ్రసు మాత్రం వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది తిరుపతి, కొర్లగుంట దగ్గర. మీ పేపర్లో రోజూ 'నగరంలో నేడు' అని చిన్న కాలమ్ వస్తుంది కదా, ప్రవచనం యాడ, రక్తదానం యాడ, కరెంట్ కోత యాడ అని. అందులో వారానికి ఒక్కసారి రెండు లైన్లు ఎక్కువ వేయండి, మందు మానాలనుకునేవాళ్ల మీటింగ్ ఎక్కడ, ఎన్నింటికి అని. నేను అడిగేది ఇంతే, ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే మాత్రం నా కథ కొంచెం విప్పాలి.

పదమూడేళ్లు తాగినా. కాణిపాకం వినాయకుడి ముందర ప్రమాణం చేస్తే తప్పడానికి జంకుతారని మన చిత్తూరోళ్లకి చెప్పక్కర్లేదు, మా అమ్మ నన్ను రెండుసార్లు తీసుకుపోయింది, మొదటిసారి ఐదు నెలలు ఆగింది, రెండోసారి ఇరవై రోజులు. అయ్యప్ప మాల వేసుకుంటే నలభైయొక్క రోజులూ చుక్క ముట్టను, శబరిమల నుంచి వచ్చి మాల తీసిన సాయంత్రమే... ఆ సాయంత్రం సంగతి మా ఆవిడ చెప్పాల, నేను కాదు. అంటే ఆపడం చేతకాక కాదు, ఆపినాక రోజూ సాయంత్రం ఆరయితే ఏం చేయాలో తెలీక. దేవుడి తప్పేమీ లేదు ఇందులో.

ఒకరోజు ఎవరో ఏఏ మీటింగ్ అని చెప్పినారు, అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, పేర్లు బయటపెట్టకుండా తాగుబోతులే కూర్చుని ఒకరికొకరు తోడై మందు మానే గ్రూపు. ఫోన్లో వెతికితే ముందొచ్చేవన్నీ డబ్బులు కట్టే డీ అడిక్షన్ సెంటర్లే, ఒకాయన అయితే నేను నోరు తెరవకముందే 'అడ్రస్ పెట్టండి సార్, మా వాళ్లే వచ్చి ఎత్తుకొస్తారు' అన్నాడు, నాకు నేనే పేషెంటని చెప్పలేక కట్ చేసినా. చివరికి ఒక అడ్రస్ దొరికింది, పోతే గేటుకి తాళం. వాచ్‌మన్ 'వాళ్లా సామీ? రోజు మార్చుకున్న్యారే' అన్నాడు. తాగేవాడికి మానాలన్న తెగింపు ఎప్పుడూ ఉండదండి, ఏదో ఒక సాయంత్రం వస్తుంది. ఆ సాయంత్రం గేటుకి తాళం ఉంది, ఎదురుగా వైన్ షాపు రాత్రి పదిదాకా తెరిచే ఉంది. నేను మళ్లీ ఆ గేటు దగ్గరికి పోవడానికి ఎనిమిది నెలలు పట్టింది.

లోపల ఏముంటుందో తెలీకనే చాలామంది భయపడేది. ఏమీ లేదు, కుర్చీలు, టీ, పది పన్నెండు మంది. ఇంటి పేరు అడగరు, కులం అడగరు, ఫీజు లేదు, మానాలన్న కోరిక ఉంటే చాలు. చివర్లో డబ్బా తిరుగుతుంది, వేసేవాళ్లు వేస్తారు, బయటోళ్ల డబ్బు తీసుకోరు. నేను మొదటి మూడు వారాలు నోరు మెదపలేదు, నాలుగో వారం ఒక పెద్దాయన తన జేబులో క్వార్టర్ దాచుకుని కూతురి స్కూల్ ఫంక్షన్‌కి పోయిన సంగతి చెప్తుంటే అది నా సంగతే అనిపించింది. భార్యలకి, తల్లులకి అల్ అనాన్ అని వేరే ఉంది, అది 1951 నుంచి ఉందంట, మా ఆవిడకి ఈ ముక్క ముందే తెలిసుంటే కొన్నేళ్ల ఏడుపు తగ్గేది.

వీళ్లు యాడ్స్ ఇచ్చుకోరు, ప్రచారం చేసుకోకూడదనేది వాళ్ల పద్ధతి. పేపర్లో సభ్యుల పేర్లూ ఫోటోలూ రాకూడదు. మంచిదే, నేనూ అందుకే పేరు వద్దంటున్నా. కానీ దాచాల్సింది మనుషుల పేర్లని, హాలు అడ్రస్‌ని కాదు కదా. అసలు ఏఏ పుట్టిందే అట్లా, 1935లో అమెరికాలో ఏక్రన్ అనే ఊర్లో ఒకాయన హోటల్ లాబీలో నిలబడి ఉన్నాడు, మానేసి కొన్ని నెలలే అయింది, ఒక పక్క బార్, ఇంకో పక్క ఊర్లో చర్చిల లిస్టు, ఫోను. ఆ లిస్టు చూసి ఫోన్లు చేస్తే తనలాంటి ఇంకో తాగుబోతు, ఒక డాక్టరు, దొరికినాడు. మరి మన తిరుపతిలో బార్ పక్కన ఏ లిస్టు ఉంది?

ఒక్క హెచ్చరిక కూడా వేయండి. బాగా అలవాటైనోళ్లు పొద్దున్నుంచే తాగుతూ ఉంటే ఉన్నట్టుండి సొంతంగా ఆపొద్దు, చేతులు వణకడం దగ్గర మొదలై ఒకట్రెండు రోజుల్లో ఫిట్స్ రావొచ్చు, లేనివి కనపడి మతి తప్పొచ్చు, ప్రాణం మీదికి వస్తుంది. ముందు ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ డాక్టర్ని కలవాల. మీటింగ్‌లో మందులు ఇవ్వరు, అది ఆస్పత్రి కాదు. ఎవరిని అడగాలో తెలీకపోతే 14446 అని డబ్బులు పడని ప్రభుత్వ నంబర్ ఉంది, అది కూడా ఆ రెండు లైన్ల కింద వేస్తే మూడు లైన్లవుతాయి, సర్దుకోండి.

నిషేధం పెట్టాలా వద్దా అనే గోల నేను ఎత్తడం లేదు, 1995లో పెట్టినారు, 1997లో ఎత్తేసినారు, రెండూ చూసిన వయసే నాది.

మా గ్రూపు వాళ్లని అడిగినా, అడ్రస్, టైమ్ వేసుకోవచ్చన్నారు. రోజు మారితే మీ ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పే పని నాది.

ఇట్లు,
మీ పాఠకుడు, తిరుపతి
(పేరు వేయొద్దండి)