ప్రచ్ఛన్న యుద్ధం పాఠాన్ని 1947 నుంచి మొదలుపెట్టకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. గ్రూప్స్, సివిల్స్ పరీక్షలకు సిద్ధమయ్యే పిల్లల కోసం మన తెలుగు పత్రికలు వేసే ప్రత్యేక పేజీలను నేను శ్రద్ధగా చదువుతాను. వాటిలో ప్రచ్ఛన్న యుద్ధం పాఠం 1946 మార్చిలో అమెరికాలోని ఫుల్టన్‌లో చర్చిల్ చేసిన ‘ఇనుప తెర’ ప్రసంగంతోనో, కమ్యూనిజాన్ని అడ్డుకోవడానికి గ్రీసు, టర్కీలకు సాయం కోరుతూ 1947 మార్చి 12న అధ్యక్షుడు ట్రూమన్ అమెరికా కాంగ్రెస్ ముందు చేసిన ప్రకటనతోనో మొదలవుతుంది. పెట్టుబడిదారీ విధానానికీ కమ్యూనిజానికీ పొసగదు కనుక హిట్లర్ పోగానే అమెరికా, సోవియట్ యూనియన్ శత్రువులయ్యాయని రెండు మాటల్లో తేల్చేస్తారు. సిద్ధాంత వైరం 1917 రష్యా విప్లవం నుంచీ ఉన్నదే కదా! ఆ వైరం ఉండగానే 1941లో చేతులు కలిపినవారు 1945 తర్వాత ఎందుకు విడిపోయారో ఈ వివరణ చెప్పదు. యుద్ధం గెలిస్తే చాలునన్న తొందరలో తేల్చకుండా వాయిదా వేసిన తగాదాలే వారిని విడదీశాయని నా నిశ్చితాభిప్రాయం.

మొదటిది రెండో యుద్ధరంగం. పశ్చిమ ఐరోపాలో సైన్యాన్ని దించి జర్మనీ ఒత్తిడిని తగ్గిస్తామని 1942లోనే స్టాలిన్‌కు ఆశ చూపారు. నార్మండీలో సైన్యం దిగింది 1944 జూన్ 6న. ఈలోగా స్టాలిన్‌గ్రాడ్, కుర్స్క్ యుద్ధాలు ముగిసిపోయాయి. మొత్తం యుద్ధంలో సోవియట్ ప్రజలు సుమారు 2 కోట్ల 70 లక్షల మంది చనిపోగా, అమెరికన్లు సుమారు 4 లక్షల మంది మరణించారు. అయితే అమెరికా చేసిన సాయమూ తక్కువది కాదు. మిత్రదేశాలకు యుద్ధ సామగ్రి అందించే లెండ్-లీజ్ పథకం కింద దాదాపు 1,100 కోట్ల డాలర్ల సామగ్రి, అందులో 4 లక్షల దాకా ట్రక్కులు, జీపులు సోవియట్ యూనియన్‌కు అందాయి. జర్మనీ లొంగిపోయిన వారం తిరగకముందే, 1945 మేలో, ఆ సరఫరాను ఉన్నపళంగా నిలిపివేసి, దారిలో ఉన్న ఓడలను సైతం వెనక్కి రమ్మన్నారు. కొద్ది రోజుల్లోనే ఆ ఉత్తర్వును కొంత సడలించినా, అప్పటికే మనసులు విరిగాయి. రక్తం ధారపోసినవారికీ సరుకు పంపినవారికీ ఎదుటివారే తమకు రుణపడి ఉన్నారనిపించింది.

పోలండ్ విషయం ఇంతకన్నా చేదైనది. 1940లో కటిన్‌లోనూ, మరికొన్ని చోట్లా సుమారు 22 వేల మంది పోలిష్ అధికారులను, విద్యావంతులను స్టాలిన్ ప్రభుత్వం చంపించింది. ఆ శవాల గోతులు 1943లో బయటపడ్డాక, విచారణ కోరినందుకు లండన్‌లోని పోలిష్ ప్రవాస ప్రభుత్వంతో మాస్కో సంబంధాలు తెంచుకుంది. మిత్రకూటమి చెడుతుందన్న భయంతో బ్రిటన్, అమెరికా గట్టిగా మాట్లాడలేదు. ఆ మౌనాన్ని నేను సమర్థించలేను. 1944 అక్టోబర్‌లో మాస్కో వెళ్లిన చర్చిల్ ఒక కాగితం ముక్క మీద రుమేనియాలో 90 శాతం రష్యాకు, గ్రీసులో 90 శాతం బ్రిటన్‌కు, యుగోస్లావియాలో చెరి సగం అని పలుకుబడి వాటాలు రాసి స్టాలిన్ ముందుకు తోశాడు. స్టాలిన్ నీలి పెన్సిల్‌తో ఒక గీటు పెట్టి వెనక్కి ఇచ్చాడు. దేశాల భవిష్యత్తును అలా పంచుకున్నవారు 1945 ఫిబ్రవరిలో, రూజ్‌వెల్ట్ కూడా పాల్గొన్న యాల్టా సమావేశంలో పోలండ్‌కు స్వేచ్ఛాయుత ఎన్నికలని రాసుకున్నారు. వాటిని ఏ తేదీలోగా జరపాలో, ఎవరు పర్యవేక్షించాలో మాత్రం రాయలేదు. అప్పటికే పోలండ్ రాజధాని వార్సా సోవియట్ ఎర్రసేన చేతిలో ఉంది. ఈ ఒప్పందాన్ని ఎక్కడా ఉల్లంఘించకుండానే రష్యన్లు యాల్టా నుంచి వాషింగ్టన్ దాకా సాగదీయగలరని అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు ఆయన సైనిక సలహాదారు అడ్మిరల్ లీహీ అక్కడే చెప్పాడు. 1947 జనవరిలో జరిగిన ఆ ఎన్నికలు బెదిరింపులతో, రిగ్గింగుతో ముగిశాయి.

జర్మనీ చెల్లించాల్సిన యుద్ధ నష్టపరిహారం సంగతిని మన పాఠాలు దాదాపు ప్రస్తావించవు. నా దృష్టిలో అసలు మలుపు అదే. 2,000 కోట్ల డాలర్లు, అందులో సగం సోవియట్‌కు అన్న లెక్కను యాల్టాలో చర్చకు ప్రాతిపదికగా తీసుకున్నారు. జర్మనీ ఓడాక 1945లో జరిగిన పోట్స్‌డామ్ సమావేశంలో దాన్ని పక్కనపెట్టి, జర్మనీలో ఎవరి సైన్యం ఆధీనంలోని ఆక్రమణ మండలం నుంచి వారు తీసుకోవాలని, పడమటి మండలాల నుంచి కొంత యంత్రసామగ్రి అదనంగా రష్యాకు ఇవ్వాలని నిర్ణయించారు. తమ మండలంలోని జర్మన్లకు సొంత డబ్బుతో తిండి పెడుతూ ఫ్యాక్టరీలను విప్పి పంపడం అమెరికన్లకు అర్థంలేని పనిగా తోచింది. ఊళ్లకు ఊళ్లు కాలిపోయిన రష్యన్లకు ఆ యంత్రాలు న్యాయంగా రావలసినవి. 1946 మేలో అమెరికన్ జనరల్ క్లే ఆ తరలింపును ఆపించాడు. మండలాల మధ్య గీతలు క్రమంగా సరిహద్దులయ్యాయి. 1948 జూన్‌లో పడమటి మండలాల్లో కొత్త కరెన్సీ రావడం, వెంటనే పడమటి బెర్లిన్‌కు దారులు మూసివేస్తూ సోవియట్ దిగ్బంధం మొదలవడం దాని కొనసాగింపే.

ఇక ట్రూమన్ ప్రకటనకు మన దేశంతోనూ సంబంధం ఉంది. 1948 జూన్‌లోగా భారతదేశాన్ని వదిలి వెళతామని బ్రిటన్ ప్రధాని అట్లీ 1947 ఫిబ్రవరి 20న ప్రకటించాడు. ఆ మర్నాడే, గ్రీసు, టర్కీలకు ఇక సాయం చేయలేమని బ్రిటన్ అమెరికాకు తెలియజేసింది. యుద్ధం గెలిచి దివాలా తీసిన మూడో మిత్రుడు తప్పుకోవడంతో మిగిలినవి రెండే శక్తులు.

కనుక ఈ పాఠాన్ని 1942 నుంచి మొదలుపెట్టవలసిందిగా మీ విద్యా విభాగాన్ని కోరుతున్నాను. యాల్టా ఒప్పందంలో పోలండ్‌కు సంబంధించిన భాగాన్ని తెలుగులో ఇచ్చి, 1945 మేలో ఏ సైన్యం ఎక్కడ నిలిచి ఉందో చూపే పటాన్ని దాని పక్కనే ప్రచురిస్తే, పిల్లలు తమంతట తామే ప్రశ్నలు వేసుకుంటారు.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
తెనాలి