అట్లాంటా తెలుగు మడత కత్తుల మిత్రులకు 2025 వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం. వాట్సాప్‌లో "తప్పకుండా వస్తాం" అని బొటనవేలు బొమ్మ పెట్టి ఈరోజు కూడా రాని వారికి ఈ నివేదిక పీడీఎఫ్‌గా పంపుతాం. చదివినట్టు కూడా బొటనవేలు పెట్టగలరు.

ఏడాది పొడవునా జరిగిన పనులను కార్యదర్శి సర్వసభ్య సమావేశం ముందు ఉంచాలని మన నియమావళి చెబుతోంది. సంఘం ఎందుకు పెట్టుకున్నామో అందరికీ తెలిసిందే కనుక ఆశయాల జోలికి పోవడం లేదు.

ముందుగా కృతజ్ఞతలు. దసరా కార్యక్రమానికి రెండు కార్లూ వీధిలో పెట్టుకుని గరాజ్ ఇచ్చిన ఉపాధ్యక్షుల దంపతులకు, అడగకుండానే పులిహోర, మిర్చి బజ్జీలు పంపిన వదినగార్లకు, పిల్లలను కత్తుల బల్ల దగ్గరికి రానివ్వకుండా సాయంత్రమంతా కాపలా కాసిన కాలేజీ కుర్రాళ్లకు, తన సొంత సెబెంజాను, అంటే క్రిస్ రీవ్ కంపెనీ ఖరీదైన మడత కత్తిని, అందరి ముందు ఊడదీయడానికి ఒప్పుకున్న పెద్దాయనకు (పేరు రాయవద్దన్నారు, ధర ఎంతో ఇంట్లో ఇంకా చెప్పలేదట), రసీదులన్నీ చెప్పుల పెట్టెలో కాకుండా ఎక్సెల్‌లో పెట్టిన కోశాధికారి గారికి సంఘం తరఫున ధన్యవాదాలు. ఫోటోలు తీసిన తమ్ముడికి కూడా. ఆ ఫోటోలు మాకు ఇంకా అందలేదు.

దసరా ప్రదర్శన

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోదగ్గ కార్యక్రమం ఇదే కనుక దీనికే ఎక్కువ చోటు ఇస్తున్నాను. విజయదశమి అక్టోబర్ 2, గురువారం పడింది. ఆ శనివారం ఆయుధ పూజ చేసి, హారతి అవగానే కత్తులను బల్ల మీద జతలుగా పేర్చాం. ఖరీదైన అసలు మోడల్ ఒక పక్క, అదే డిజైనర్ నుంచి హక్కులు తీసుకుని కంపెనీ తక్కువ ధరకు తయారు చేసిన ప్రొడక్షన్ మోడల్ ఇంకో పక్క. మధ్యలో అధ్యక్షుల వారి అమ్మగారు తెనాలి నుంచి తెచ్చుకున్న కత్తిపీట. జీ10 (గాజు నార, రెసిన్ కలిపి చేసిన పలక) పిడి గరుకులో ఇరుక్కున్న కుంకుమ ఎంత తోమినా పోలేదు. వచ్చే ఏడాది బొట్టు బ్లేడుకే పెడదాం.

జనం ఎక్కువసేపు నిలబడింది రిక్ హిండరర్ కత్తుల దగ్గర. ఒహాయోలో ఫైర్‌ఫైటర్‌గా పనిచేసిన హిండరర్ తయారు చేసే ఎక్స్‌ఎం-18 ధర 400 డాలర్లు దాటుతుంది. ఒకప్పుడు డబ్బు పట్టుకుని నిలబడినా దొరికేది కాదు. ఆయన డిజైన్లకు లైసెన్స్ తీసుకున్న, జీరో టాలరెన్స్, కెర్షా బ్రాండ్లు నడిపే కై సంస్థ రెండు మెట్లలో ప్రొడక్షన్ మోడళ్లు తెచ్చింది. పై మెట్టు జీరో టాలరెన్స్ 0562, ఒరెగాన్‌లో తయారు. కింది మెట్టు 2012లో వచ్చిన కెర్షా క్రయో, చైనాలో తయారు, కొత్తగా వచ్చినప్పుడు 40 డాలర్ల చుట్టుపక్కల ధర. మూడింటినీ పక్కపక్కన పెడితే అన్నదమ్ముల పోలికలు కనిపిస్తాయి.

"మరి 400 డాలర్లు ఎక్కడికి పోతున్నాయి?" అని ఒక వదినగారు అడిగారు. సాయంత్రం మొత్తంలో అంత సూటి ప్రశ్న ఇంకెవరూ వేయలేదు. క్రయో పిడి స్టెయిన్‌లెస్ ఉక్కు. టైటానియం అదే పరిమాణం ఉక్కులో సుమారు 60 శాతం బరువే తూగుతుంది. అందుకే బ్లేడు 3 అంగుళాలు కూడా లేని క్రయోను జేబుకు తగిలిస్తే ప్యాంటు ఆ పక్కకు లాగుతుంది. టైటానియం కొనడానికీ ఖర్చే, కోయడానికీ ఖర్చే. ఆ తర్వాత బ్లేడు ఉక్కు. ఆ పైన పిడి రెండు పలకల మధ్య బ్లేడు సరిగ్గా నడిమిన కూర్చునేలా కత్తిని ఒక్కొక్కటిగా సరిచేసే మనిషి జీతం. చవక రకంలో ఈ చివరి పనికి అంత సమయం ఇవ్వరు. తెరిచిన బ్లేడు తిరిగి మడుచుకోకుండా పట్టి ఉంచే తాళం సూత్రం మాత్రం మూడింటిలోనూ ఒకటే. తాళం నాలుక బయటికి మరీ వంగిపోకుండా ఆపే గుండ్రటి బిళ్ల హిండరర్ ఆలోచన. అది 40 డాలర్ల క్రయోకు కూడా ఉంది.

ఆ తాళం గురించి పెద్దాయన తన సెబెంజాను ఊడదీసి మరీ చూపించారు. మైకేల్ వాకర్ 1980ల్లో పిడి లోపల ఒక పలుచని రేకును స్ప్రింగులా వాడి లైనర్ లాక్ చేశాడు. దక్షిణాఫ్రికా నుంచి ఐడాహో రాష్ట్రంలోని బాయిసీకి వచ్చి స్థిరపడిన క్రిస్ రీవ్ వేరే రేకు ఎందుకని టైటానియం పిడి పలకనే చీల్చి, ఆ చీలికనే స్ప్రింగు చేశాడు. ఇప్పుడు ఫ్రేమ్ లాక్ అని అందరూ వాడేది అదే. సెబెంజా 31లో తాళం బ్లేడును తాకే చోట సిరామిక్ గుండు పెట్టారు, అరుగుదల తగ్గడానికి. గరాజ్‌లో అంతసేపు ఎవరూ ఫోన్ చూడలేదు. మన సభల్లో ఇది అరుదు.

కళ్లకు గంతలు కట్టి కత్తి తెరిపించిన ఆట అందరికీ నచ్చింది. బాల్ బేరింగుల మీద తిరిగే 0562ను పట్టుకుని "ఇదే ఎక్స్‌ఎం-18" అని ఘంటాపథంగా చెప్పిన వారిలో కార్యవర్గం వారే ఎక్కువ. క్రయో దగ్గర మాత్రం ఎవరూ పొరబడలేదు. కెన్ ఆనియన్ కనిపెట్టిన స్పీడ్‌సేఫ్ స్ప్రింగు ఎగదోసే ఊపు చేతికి వెంటనే తెలిసిపోతుంది.

ఇంకో జత ఎర్నెస్ట్ ఎమర్సన్‌ది. ఆయన సొంత కంపెనీ సీక్యూసీ-7, దాని పక్కన కెర్షా తయారీ సీక్యూసీ-6కె. బ్లేడు వీపున ఉన్న కొక్కెం జేబు అంచుకు తగిలి, బయటికి తీస్తుండగానే కత్తి తెరుచుకునే 'వేవ్' ఏర్పాటు రెండింటికీ ఉంది. ఒక కుర్రాడి జీన్స్ జేబు కొంచెం చిరిగింది. ఆ ఖర్చు సంఘం భరించదని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.

పెద్ద పేరున్న డిజైనర్లు ఇలా కంపెనీలకు హక్కులివ్వడం కొత్తేమీ కాదు. బాబ్ టెర్జ్వోలా డిజైన్‌ను కొలరాడోలోని స్పైడర్కో 1990లోనే సీ15 పేరుతో తెచ్చింది. సైన్యంలో పనిచేసి వచ్చిన కిట్ కార్సన్ డిజైన్ చేసిన ఎం16 కత్తిని సీఆర్‌కేటీ కంపెనీ ఇన్నేళ్లుగా మామూలు జీతగాళ్లకు అందే ధరలో అమ్ముతూనే ఉంది. మన సభ్యుల్లో సగం మందికి మొదటి కత్తి అదే అయి ఉంటుంది.

ఆఖర్న కోత పరీక్ష. దీపావళి కొనుగోళ్లకు ముందే మన ఇళ్లలో పేరుకున్న అట్టపెట్టెలన్నీ ఇందుకు పనికొచ్చాయి. స్పైడర్కో వారి చవక రకం టెనేషియస్, అదే కంపెనీది ఎస్30వి అనే మేలు రకం ఉక్కుతో ఉన్న పాత పారా మిలిటరీ 2, రెండూ బరిలో దిగాయి. టెనేషియస్‌ది 8సీఆర్13ఎంఓవీ అనే చవక ఉక్కు, పదును ముందే తగ్గింది. ఎస్30విలో 4 శాతం వెనేడియం ఉంటుంది. అది కార్బన్‌తో కలిసి కట్టే గట్టి రేణువుల వల్ల అంచు చాలాసేపు నిలబడింది. తర్వాత రెండింటినీ సానకు తెస్తే కథ తిరగబడింది. టెనేషియస్ మామూలు సానరాయి మీద చకచకా పదునెక్కింది. ఎస్30వికి డైమండ్ ప్లేటు తీయాల్సి వచ్చింది, అప్పటికి బజ్జీలు చల్లారాయి. ఇంట్లో ఒక్క సానరాయే ఉన్నవారికి నా సలహా చవక కత్తే. సంఘం అభిప్రాయం ఇది కాదు, కార్యదర్శి అభిప్రాయం.

వేదిక గురించి

గరాజ్‌లో ఎందుకు పెట్టారని అడిగిన వారికి సమాధానం. తెలుగు బడి జరిగే పాఠశాల క్యాఫెటీరియా అద్దెకు తీసుకుందామని కొందరు పట్టుబట్టారు. జార్జియాలో 2017 నుంచి 12 అంగుళాల లోపు బ్లేడును చట్టం ఆయుధంగా చూడదు, నిజమే. కానీ పాఠశాల ఆవరణలో 2 అంగుళాలు, ఆపై బ్లేడు ఉన్న ఏ కత్తీ పనికిరాదు. మన బల్ల మీదివన్నీ అంతకన్నా పొడవే. ఈ విషయం గ్రూపులో చాలాసార్లు రాశాను. దయచేసి పిల్లలను బడిలో దింపేటప్పుడు జేబులు చూసుకోండి.

తర్వాత ఒక కాలనీ క్లబ్‌హౌస్ అడిగాం. ఫారం నింపాం, డిపాజిట్ కట్టాం, బీమా పత్రం తెమ్మంటే తెచ్చాం. వారాల తరబడి ఉలుకూ పలుకూ లేదు. చివరికి "ఇది ఆయుధాల కార్యక్రమం కదా" అని ఒక్క వాక్యం మెయిల్. డిపాజిట్ తిరిగి రావడానికి ఇంకా మెయిళ్లు రాస్తూనే ఉన్నాం. వేసవి సంబరాల్లో ఒక పెద్ద తెలుగు సంఘం వారిని చిన్న స్టాల్ అడిగితే "కుటుంబాలు వస్తాయండీ" అన్నారు. మనవీ కుటుంబాలే. ఆ సంబరాల వంటశాలలో కత్తులకు సాన పట్టి పెట్టింది మాత్రం మన వాళ్లే.

నకళ్ల విషయం

సెబెంజాకు రీవ్ కంపెనీ అనుమతితో వచ్చిన చవక రూపమేదీ లేదు. 30 డాలర్లకు దొరికిందంటే అది నకలే. ఈ ఏడాది ఇద్దరు ముగ్గురు సభ్యులు అలాంటివి పట్టుకొచ్చి "చూడండి, తేడా ఏముంది" అన్నారు. పైకి తేడా లేకపోవచ్చు. క్రయో కొంటే అందులో కొంత హిండరర్‌కు చేరుతుంది, నకలు కొంటే ఎవరికీ చేరదు. బ్లేడు మీద చెక్కిన ఉక్కు పేరు నిజమో కాదో ల్యాబ్‌కు పంపితే తప్ప తెలియదు. తాళం జారితే వేలు మీదే. నకళ్లను సంఘం బల్ల మీద పెట్టకూడదన్న తీర్మానం అమల్లో ఉంది, మొహమాటపడకుండా అమలు చేస్తాం.

చైనాలో తయారైనదల్లా నకలు అని కొందరు పెద్దలు అంటున్నారు. అది అన్యాయం. వీ నైఫ్ వంటి కంపెనీలు సొంత డిజైన్లు చేయిస్తున్నాయి, వాటి చవక శ్రేణి సివివి మన కుర్రాళ్లందరి జేబుల్లో ఉంది. బెంచ్‌మేడ్ వారి యాక్సిస్ లాక్ (అడ్డంగా జారే కడ్డీతో బ్లేడును బిగించే తాళం) పేటెంటు గడువు తీరాక అదే సూత్రంతో ఎందరో తాళాలు చేస్తున్నారు, అది చట్టబద్ధమే.

కలిసి కొనడం

ఈ ఏడాది మన ఉమ్మడి ఆర్డర్ సరిగ్గా జరగలేదు. ఏప్రిల్‌లో చైనా సరుకు మీద సుంకం 145 శాతానికి ఎక్కింది, మే నెలలో 30కి దిగింది. ఈ రెండింటి నడుమ 50 డాలర్ల కత్తి ధర రోజుకొకటి చెప్పారు. కొందరు సభ్యులు ముందే డబ్బు కట్టి ఉండటంతో అందరికీ టెన్షన్. కోశాధికారి గారు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఎవరి డబ్బు వారికి తిప్పి పంపారు. అటు ఎస్30వి తయారు చేస్తూ వచ్చిన సిరక్యూస్‌లోని క్రూసిబుల్ కంపెనీ 2024 డిసెంబర్‌లో దివాలా పిటిషన్ వేసింది. ఆ వార్త చూసి కంగారుగా పాత స్టాకు కొనిపెట్టుకున్న వారు నిదానంగా అమ్ముకోండి, గ్రూపులో రోజుకు మూడుసార్లు పోస్టు చేయవద్దు.

బ్లేడ్ షో, సాన శిబిరం

ప్రపంచం నలుమూలల నుంచి జనం విమానాలెక్కి జూన్‌లో కాబ్ గలేరియాలో జరిగిన కత్తుల ప్రదర్శన బ్లేడ్ షోకు వచ్చారు. మనకు అది కారులో వెళ్లి వచ్చే దూరం. పేర్లిచ్చిన వారి కోసం వ్యాన్ మాట్లాడాం. వ్యాన్‌లో సీట్లన్నీ ఖాళీ, ముందు నేను, డ్రైవింగ్ అధ్యక్షుల వారు. ఒకరికి గృహప్రవేశం, ఒకరికి క్రికెట్ ఫైనల్, ఒకరికి "అయ్యో ఇవాళేనా". ఇక మీదట వ్యాన్ ఉండదు.

ఆవకాయ రోజుల్లో పెట్టిన సాన శిబిరానికి మాత్రం పిలవని వాళ్లు కూడా వచ్చారు. మామిడికాయ టెంకతో సహా కొట్టే కత్తులు, కూరగాయల చాకులు, ఒక రంపం. చందా వేసినవారికి కృతజ్ఞతలు, రెండు జాడీల ఆవకాయ ఇచ్చిన వారికి ఇంకా ఎక్కువ.

సెలవులకు ఊరెళ్తూ బాబాయిలకు, బావమరుదులకు మడత కత్తి తీసుకెళ్లే వారికి ఒక్క మాట: చేతిసంచిలో వద్దు, చెక్‌ఇన్ సూట్‌కేసులో పెట్టండి.

జమాఖర్చులు

చందాలు, విరాళాలు, సాన శిబిరం ఆదాయం ఒక పక్క, బీమా, వ్యాన్, భోజనాలు ఇంకో పక్క. మిగులు ఉంది, నిరుటి కన్నా తక్కువ. పూర్తి పట్టిక జతచేశాం, ప్రశ్నలుంటే భోజనాల తర్వాత కోశాధికారి గారిని అడగండి.

ఎన్నికలు

కార్యదర్శి పదవికి ఇంతవరకు ఒక్క నామినేషన్ కూడా రాలేదు. విమర్శలు మాత్రం సమయానికి అందుతున్నాయి. ఆసక్తి ఉన్నవారు ఈ నెలాఖరులోగా అధ్యక్షుల వారికి మెయిల్ చేయగలరు. బాధ్యతలతో పాటు సంఘం సానరాళ్లు, డైమండ్ ప్లేటు, లెదర్ పట్టీ, స్క్రూడ్రైవర్ పెట్టె అప్పగిస్తాను. ఆ పెట్టెలో చిన్న అలెన్ కీ (ఆరు పలకల మర తిప్పే కడ్డీ) దసరా రోజు నుంచి కనబడటం లేదు. ఎవరి జేబులో ఉన్నా తిరిగి ఇవ్వండి, అది లేక పెద్దాయన సెబెంజా క్లిప్పు ఇంకా బిగించలేదు.

ఇట్లు,
కార్యదర్శి