పాత హార్డ్ డిస్క్ ఇక మేం తీసుకోం

నమస్కారం. తార్నాకలో మా షాపులో అమ్మానాన్నల పాత ల్యాప్‌టాప్‌కు ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వేసే వేగమైన డిస్క్) వేయించి, విండోస్ తీయించి, దాని బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ ఎక్కించుకున్న వాళ్లందరికీ ఇది రాస్తున్నాను. రెండు విషయాలు మారాయి. పొద్దున ఇస్తే సాయంత్రానికల్లా తిరిగి ఇచ్చే పద్ధతి ఇక లేదు, మూడో రోజు ఇస్తాం. పాత హార్డ్ డిస్క్ మాకిస్తే బిల్లులో 400 రూపాయలు తగ్గించేవాళ్లం, అదీ ఆపేశాం. కారణం మీకు నేరుగా నా నోటితోనే తెలియాలి.

విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాత ప్రాసెసర్లకు, కొద్ది మినహాయింపులు తప్ప, విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. అందుకని మన దగ్గరికి ఆరో తరం, ఏడో తరం ల్యాప్‌టాప్‌లు చాలా వచ్చాయి. ఆ తాకిడికి సరిపడా ఎస్‌ఎస్‌డీలు కావాలని ఆరేళ్లుగా సరుకు తెచ్చుకుంటున్న సప్లయర్ దగ్గరే 256 జీబీవి నలభై తీసుకున్నాం. ఇరవై ఏడు బిగించాం. పదమూడు షెల్ఫులో ఉన్నాయి.

మొదటి ఫిర్యాదు హబ్సిగూడ నుంచి వచ్చింది. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద 'ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్' అని చూపించి, లైనక్స్ పూర్తిగా మొదలవకుండానే ఆగిపోయింది. ఫైల్ సిస్టమ్ చెక్ నడిపి బాగుచేసి ఇచ్చాం. నాలుగు రోజులకు మళ్లీ అదే. ఈసారి ఫొటోల ఫోల్డర్ తెరిస్తే పేర్లన్నీ ఉన్నాయి, సైజులూ సరిగ్గానే ఉన్నాయి. బొమ్మ మాత్రం పై సగం కనిపించి కింది సగం బూడిదరంగు పట్టీలా ఉంది. తప్పు లైనక్స్‌ది కాదని, డిస్క్‌దని అప్పుడు అర్థమైంది. విప్పి ఎఫ్3 అనే పరీక్ష పెట్టాం.

ఆ పరీక్ష డిస్క్‌ను ఒక్కో జీబీ ఫైళ్లతో నిండా నింపి, తిరిగి చదివి, రాసిందీ చదివిందీ ఒకటేనా అని పోల్చి చూస్తుంది. కొన్ని డిస్కుల్లో 58 ఫైళ్ల దాకా బాగుండి, ఆ తర్వాతవన్నీ పోయాయి. ఇంకొన్నిట్లో చివరి ఫైళ్లు వెళ్లి మొదటి ఫైళ్ల మీదే కూర్చున్నాయి. అంటే లోపల ఉన్నది 64 జీబీ చిప్పు. డిస్క్‌ను నడిపే కంట్రోలర్ చిప్పులోని ప్రోగ్రామ్ (ఫర్మ్‌వేర్) 256 అని కంప్యూటర్‌కు అబద్ధం చెప్తోంది. మింట్ ఎక్కడానికి పదిహేను జీబీ కూడా పట్టదు కాబట్టి ఎక్కించిన రోజు ఏ లోపమూ బయటపడదు. ఫొటోలు కాపీ చేసినా ఎర్రర్ రాదు, రాసేశానని డిస్క్ ఒప్పుకుంటుంది. తిరిగి చదివినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది.

మా తప్పు కూడా ఉంది, చెప్తాను. కాపీ అయ్యాక నాలుగైదు ఫోల్డర్లు తీసుకుని పాత డిస్క్‌తో చెక్‌సమ్ (ఫైలు ఏమాత్రం మారినా మారిపోయే సంఖ్య) పోల్చేవాళ్లం. అన్నీ సరిపోయేవి. కానీ అప్పుడే కాపీ చేసిన ఫైలును వెంటనే చదివితే లైనక్స్ దాన్ని డిస్క్ నుంచి తేదు, ర్యామ్‌లో ఉంచుకున్న కాపీనే చూపిస్తుంది. ఇది తెలిసిన విషయమే. తొందరలో పట్టించుకోలేదు. ఒక్కసారి షట్‌డౌన్ చేసి, మళ్లీ ఆన్ చేసి పోల్చి ఉంటే మొదటి ల్యాప్‌టాప్ దగ్గరే దొరికిపోయేది.

సప్లయర్‌కు ఫోన్ చేస్తే మొదట అన్న మాట: "మీరు లైనక్స్ వేశారు కాబట్టి ఖరాబైంది, విండోస్‌లో పెట్టి చూపించండి." సరే అని అవే డిస్కులు విండోస్ సిస్టమ్‌కు తగిలించి, అలాంటి పరీక్షే చేసే విండోస్ ప్రోగ్రామ్ హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూతో నింపి, ఫలితం స్క్రీన్‌షాట్ పంపాం. అదే లెక్క, అక్కడే తప్పు. అప్పుడు బిల్లు వెనక్కి తిప్పి, టెస్టింగ్ వారంటీ ఏడు రోజులేనన్నాడు. ఆరేళ్లలో ఒక్క చెక్కు వెనక్కి పోనివ్వలేదు నేను. సరుకు విషయంలో పొరపాటు ఎవరికైనా జరగొచ్చు. అబద్ధం చెప్పే డిస్క్‌ను పట్టుకుని నా పనిని, మింట్‌ను తప్పుపట్టడం మాత్రం నేను మింగలేను. ఆ ఖాతా మూసేశాను. రేపు ధర తగ్గించి ఇస్తానన్నా అక్కడి నుంచి ఒక్క కేబుల్ కూడా తీసుకోను.

షెల్ఫులోని పదమూడిట్లో ఐదు నకిలీవి. బిగించిన ఇరవై ఏడు మందికీ ఫోన్ చేశాం. ఇరవై నాలుగు మంది తెచ్చారు, వాటిలో తొమ్మిది నకిలీవి. అందరికీ వేరే చోటి నుంచి కొత్త డిస్క్ ఉచితంగా వేశాం, ఖర్చు మాదే. ఏడుగురి ఫొటోలు భద్రం, ఎందుకంటే పాత హార్డ్ డిస్క్ వాళ్లింట్లోనే ఉంది. మిగతా ఇద్దరూ దాన్ని ఎక్స్‌చేంజ్‌లో మాకిచ్చారు, మేం చెరిపేశాం. ఒకరివి గూగుల్ ఫొటోస్‌లో దొరికాయి. ఇంకొకరివి మనవరాలి అన్నప్రాశన ఫొటోలు, ఎక్కడా దొరకలేదు. ఆ దంపతులు షాపుకొచ్చి నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

అందుకే ఎక్స్‌చేంజ్ ఆపాను. తేలిగ్గా తేలిన విషయం కాదిది. ఆ 400 తగ్గింపు చూసే సగం మంది వచ్చేవారు, ఆ పాత డిస్కులు శుభ్రం చేసి సీసీ కెమెరాల వాళ్లకు అమ్మితే షాపు కరెంటు బిల్లు గడిచేది. పాత డిస్క్ చెరపకుండా మా బీరువాలోనే మూడు నెలలు ఉంచుదామా అనీ ఆలోచించాను. పేరు, తేదీ రాసి అట్టపెట్టెల్లో సర్ది కూడా చూశాను. కానీ అందులో ఉండేవి ఆధార్ స్కాన్లు, పాస్‌బుక్ కాపీలు, పెన్షన్ కాగితాలు. పదిమంది తిరిగే షాపులో అవన్నీ ఉంచడానికి నాకు మనసొప్పలేదు. ఇక పాత డిస్క్‌ను యాంటీస్టాటిక్ కవర్లో పెట్టి, తేదీ రాసి మీ చేతికే ఇస్తాం. మూడు నెలలు ముట్టుకోకండి. విండోస్ దానిలో అలాగే ఉంటుంది. మింట్ నచ్చకపోతే ఆ డిస్క్ మళ్లీ బిగించుకుంటే ల్యాప్‌టాప్ మునుపటిలా నడుస్తుంది. ఈ ఒక్క విషయంలో బేరం లేదు, పాత కస్టమర్లయినా సరే.

మూడు రోజులు ఎందుకంటే: మొదటి రోజు కొత్త డిస్క్ నిండా రాసి చదవడం, రాత్రంతా ఆపి ఉంచి మర్నాడు మళ్లీ చదవడం, ఆ తర్వాత మింట్ ఎక్కించి డేటా కాపీ చేసి, షట్‌డౌన్ చేసి, ప్రతి ఫైలునూ పాతదానితో పోల్చడం. పాత 500 జీబీ హార్డ్ డిస్క్ మొత్తం చదవడానికే రెండు మూడు గంటలు పడుతుంది.

అంతవరకు ఆగలేం, మా నాన్నగారిది ఇంట్లోనే చేసుకుంటాం అని కొందరు అడిగారు. చేసుకోండి, సంతోషం. మాకు తెలిసింది చెప్తాను. 8 జీబీ పెన్ డ్రైవ్ చాలు. ర్యామ్ 4 జీబీ అయితే మింట్‌లో తేలికైన రకం ఎక్స్‌ఎఫ్‌సీఈ, 8 ఉంటే సినమన్ రకం. మింట్ 22 సిరీస్‌కు 2029 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు వస్తాయి. డౌన్‌లోడ్ అయ్యాక చెక్‌సమ్ సరిచూసుకున్న తర్వాతే రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో పెన్ డ్రైవ్ తయారుచేయండి. బూట్ మెనూకు హెచ్‌పీలో ఎఫ్9, డెల్, లెనోవోలలో ఎఫ్12. వెంటనే ఎక్కించొద్దు. పెన్ డ్రైవ్ మీదే నడిపి వైఫై, సౌండ్, కెమెరా, ప్రింటర్ చూడండి, మూత మూసి తెరిచి చూడండి. వైఫై కనిపించకపోతే చాలాసార్లు అది బ్రాడ్‌కామ్ కార్డు. ఫోన్‌ను యూఎస్‌బీ టెథరింగ్‌తో కలిపి డ్రైవర్ మేనేజర్ తెరిస్తే డ్రైవర్ దొరుకుతుంది. డిస్కే కనిపించకపోతే బయోస్ సెట్టింగుల్లో స్టోరేజ్ మోడ్ సాధారణంగా ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ మీద ఉంటుంది, ఏహెచ్‌సీఐ మోడ్‌కు మార్చాలి.

పాత డిస్క్ తీసేముందు విండోస్‌లోనే రెండు పనులున్నాయి. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే ఆపేయండి, లేదా రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, లైనక్స్‌లో ఆ డిస్క్ చదవడానికి తప్ప రాయడానికి ఒప్పుకోదు.

ఎక్కించడం అరగంట పని. నాన్నగారు మర్నాడు ఫోన్ చేయకుండా ఉండాలంటే ఆ తర్వాతి చిన్న పనులు ముఖ్యం. మింట్‌లో వర్డ్ బదులు ఉండే లిబ్రేఆఫీస్ ఆప్షన్స్‌లో లోడ్/సేవ్ దగ్గర డిఫాల్ట్‌ను వర్డ్ డాక్స్‌కు మార్చండి, లేకపోతే ఆయన వాట్సాప్‌లో పంపిన ఉత్తరం అవతలివాళ్లకు తెరుచుకోకపోవచ్చు. పాస్‌వర్డ్ లేకుండా ఆటోమేటిక్ లాగిన్ పెడితే ఆన్ చేశాక మొదటిసారి క్రోమ్ తెరిచినప్పుడల్లా కీరింగ్ (దాచిన పాస్‌వర్డ్‌ల పెట్టె) పాస్‌వర్డ్ అడుగుతుంది, వైరస్ వచ్చిందని కంగారుపడతారు. లాగిన్ పాస్‌వర్డ్ ఉంచేయడమే మంచిది. సిస్టమ్ పాడైతే మునుపటి స్థితికి తెచ్చే టైమ్‌షిఫ్ట్ ఆన్ చేయండి. తెలుగు టైపింగ్‌కు ఐబస్ ఎం17ఎన్ వేస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, ఆర్‌టీఎస్ మూడూ వస్తాయి, అలవాటైన కీబోర్డు పోదు. డెస్క్‌టాప్ మీద ఐకాన్లు పాత విండోస్‌లో ఏ మూల ఉన్నాయో ఆ మూలే పెట్టండి. దీన్ని చాలామంది వదిలేస్తారు. పెద్దవాళ్లకు మాత్రం సగం ధైర్యం అక్కడే వస్తుంది.

ప్రింటర్ల విషయం ముందే తెలియాలి. ఎప్సన్ ఎల్ సిరీస్‌కు ఇబ్బంది లేదు. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, పీ1108 లాంటివాటికి హెచ్‌పీలిప్ అనే హెచ్‌పీ లైనక్స్ డ్రైవర్‌తోపాటు దాని ప్లగిన్ కూడా వేయాలి. హెచ్‌పీలిప్ వెర్షన్ మారితే ప్లగిన్ మళ్లీ వేయాలి, లేకపోతే ఒకరోజు హఠాత్తుగా ప్రింటు ఆగిపోతుంది. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే క్యానన్ ఎల్‌బీపీ2900తోనే అసలు తలనొప్పి. దాని లైనక్స్ డ్రైవర్ పాతది, ఒక్కో అప్‌డేట్‌కు పడిపోతుంది. ఆ ప్రింటర్ రోజూ వాడే ఇంటికి మింట్ వేయమని నేను చెప్పను.

ట్యాలీ ఉన్నవాళ్లు, అను స్క్రిప్ట్‌లో డీటీపీ చేసేవాళ్లు, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్‌తో రిటర్నులు వేసేవాళ్లు కూడా విండోస్‌లోనే ఉండండి. విండోస్ 10లోనే ఉండి ఈఎస్‌యూ అనే మైక్రోసాఫ్ట్ అదనపు అప్‌డేట్ల పథకంలో చేరితే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్ వేలిముద్ర పరికరం కోసం మాత్రం విండోస్ ఉంచుకోనక్కర్లేదు, ఆండ్రాయిడ్ ఫోన్‌లో ముఖం చూపించి ఇవ్వొచ్చు. క్రాక్ చేసిన విండోస్ ఎవరడిగినా ఎక్కించం, ఇంతకుముందూ ఎక్కించలేదు.

ఇంకా ముగ్గురు ల్యాప్‌టాప్ తేలేదు. ఒకరి నంబర్ మారింది, ఇద్దరు ఊళ్లో లేరన్నారు. ల్యాప్‌టాప్ అడుగున మా స్టిక్కర్ మీద తేదీ పక్కన ఆకుపచ్చ చుక్క ఉంటే అది ఆ నలభైలోదే. కొత్తగా ఏమీ కాపీ చేయకండి, ఫోన్‌లో ఫొటోలు డిలీట్ చేయకండి, బాగానే నడుస్తోంది కదా అని వాడకండి. షట్‌డౌన్ చేసి, పాత హార్డ్ డిస్క్ మీ దగ్గరుంటే దాన్నీ తీసుకుని రండి. ఆదివారమైనా షాపు తెరుస్తాను, రాలేకపోతే మా అబ్బాయి మీ ఇంటికే వచ్చి తీసుకెళ్తాడు.