ఇంటికి పంపే కాగితంలో లేని ప్రశ్న

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

నమస్కారాలు. ఏటా అక్టోబరు వస్తే మీ పత్రిక రొమ్ము క్యాన్సర్ మీద ప్రత్యేక వ్యాసాలు వేస్తుంది. నాలుగేళ్ల కిందట స్నానం చేస్తుండగా ఎడమ రొమ్ములో చిన్న గింజంత గట్టిదనం వేలికి తగిలినప్పుడు, నేను ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ఆ పేజీలో చదివినదే కారణం. ఆ కృతజ్ఞతతోనే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను. అయితే ఆ వ్యాసాలన్నీ ఆపరేషన్ దగ్గరికి వచ్చి ఆగిపోతున్నాయి. ఆ తర్వాత బతికే ఏళ్లలో స్త్రీ లైంగిక ఆరోగ్యం ఏమవుతుందో పత్రికల్లో ఎవరూ రాయరు, ఆసుపత్రిలో ఎవరూ అడగరు.

నన్ను ఇంటికి పంపిన రోజు చేతికి ఇచ్చిన కాగితాన్ని ఇప్పటికీ దాచుకున్నాను. చంక కింద అమర్చిన గొట్టం చివరి సీసాలో ఎంత నీరు చేరిందో రోజూ కొలిచి రాసుకోవాలని, కుట్లు తడవకుండా చూసుకోవాలని, ఆపరేషన్ జరిగిన వైపు చేత్తో బరువులు ఎత్తవద్దని అందులో ఉంది. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో పైకి పాకించే వ్యాయామానికి బొమ్మలు కూడా వేశారు. నేను గోడ మీద పెన్సిలుతో గీతలు పెట్టుకుని, చెయ్యి వారం వారం ఎంత పైకి పోతోందో చూసుకునేదాన్ని. కొన్ని వారాల్లోనే చెయ్యి తల దాటి లేచింది. ఆ చేతిని భర్త భుజం మీద వేయడానికి ఎన్నాళ్లు పడుతుందో, వేయాలనిపించకపోతే అది మందుల ప్రభావమో నా మనసే విరిగిపోయిందో తెలుసుకునే దారి మాత్రం ఆ కాగితంలో లేదు.

రొమ్మును తీసేటప్పుడు చర్మానికి స్పర్శనిచ్చే సన్నని నరాలు తెగిపోతాయి. అందువల్ల మచ్చ చుట్టూ, చంకలో, పై చెయ్యి లోపలి వైపు మొద్దుబారినట్టు ఉంటుంది. కొందరికి అక్కడే మంట, పోటు నెలల తరబడి నిలిచిపోతాయి. ప్లాస్టిక్ సర్జరీతో రొమ్మును తిరిగి నిర్మించినా ఆకారం వస్తుంది గానీ మునుపటి స్పర్శ సాధారణంగా పూర్తిగా తిరిగి రాదు. ఈ సంగతి ఆ మనిషికి రాత్రివేళ దీపం ఆర్పాక తెలియవలసినది కాదు, ఆపరేషన్‌కు ముందే ఎదురుగా కూర్చుని చెప్పవలసినది. తొలిదశలో బయటపడిన జబ్బుకు గడ్డను మాత్రం తీసి రేడియేషన్ ఇచ్చినా, రొమ్మంతా తీసేసినా ఆయుష్షులో తేడా లేదని 20 ఏళ్ల పాటు రోగులను గమనించిన అధ్యయనాల ఫలితాలు 2002లోనే వెలువడ్డాయి. రెండు దారులూ తెరిచి ఉన్న స్త్రీ, ఏ దారిలో తన శరీరం ఎలా మిగులుతుందో తెలుసుకున్నాకే సంతకం పెట్టాలి కదా.

నిజానికి కత్తి కంటే ఎక్కువ కాలం బాధపెట్టేవి మందులు. రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఈస్ట్రోజన్ హార్మోన్ ఆసరాతో పెరిగేవే కనుక, దాన్ని అడ్డుకునే మాత్రలను ఐదేళ్లు, కొందరికి పదేళ్లు వాడమంటారు. కీమో వల్ల నాకు నెలసరి ఆగిపోయింది. ఆ పైన అండాశయాల పనిని నిలిపే ఇంజెక్షన్లు, లెట్రోజోల్ మాత్రలు మొదలయ్యాయి. మామూలుగా ఏళ్ల మీద మెల్లగా వచ్చే మెనోపాజ్ నా మీద కొన్ని నెలల్లోనే వచ్చి పడింది. ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, కీళ్ల నొప్పులు వస్తాయని ముందే చెప్పారు. యోని పొడిబారి, దాని లోపలి పొర పలచబడి, కలయిక గాజుపెంకుతో గీసినట్టు ఉంటుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. రెండోసారి రక్తం కనిపించాక నేను ప్రయత్నించడమే మానేశాను. క్యాన్సర్ తిరగబెట్టిందేమోనని వారం రోజులు కంటి మీద కునుకు లేకుండా గడిపాను, ఎవరికీ చెప్పలేదు.

ప్రతి మూడు నెలలకూ పరీక్షకు వెళ్లినప్పుడు ఆ మాట నోటి చివరి దాకా వచ్చేది. తెర అవతల ఇంకా పదిమంది వేచి ఉండేవారు, డాక్టరు గారు తల వంచుకుని రాసుకుంటూ ఉండేవారు. ప్రాణం దక్కింది చాలదా, ఈ వయసులో ఇదా నీ దిగులు అనుకుంటారేమోనని ఊరుకునేదాన్ని. సుమారు ఏడాదిన్నర తర్వాత ఒక నర్సమ్మ ఇంజెక్షన్ ఇచ్చి, తలుపు దగ్గరికి వేసి, నా పక్కన కూర్చుని అడిగింది: "ఇంట్లో మీరిద్దరూ ఎలా ఉంటున్నారమ్మా? దగ్గరవడంలో ఇబ్బందేమైనా ఉందా?" నాకు ముందు ఏడుపు వచ్చింది, మాట తర్వాత వచ్చింది. ఆమె నాతో మాట్లాడింది పది నిమిషాలే. అందులో నేను తెలుసుకున్నవి ఇక్కడ రాస్తాను, ఇంకెవరికైనా ఏడాదిన్నర మిగులుతుందని.

పొడిదనానికి మందు ఉంది. వారానికి రెండు మూడుసార్లు వాడే హార్మోన్ లేని యోని మాయిశ్చరైజర్లు ఒక రకం, కలయిక సమయంలో వాడే లూబ్రికెంట్లు మరో రకం. మొదటిది క్రమం తప్పకుండా చేసుకునే సంరక్షణ, రెండోది అప్పటికప్పటి సాయం, ఒకదాని బదులు మరొకటి పనిచేయదు. నీటితో గానీ సిలికోన్‌తో గానీ తయారైన లూబ్రికెంట్లు మంచివి. నూనె రకాలు లేటెక్స్ కండోమ్‌ను చెడగొడతాయి. నొప్పి భయంతో బిగుసుకుపోయిన కటి కండరాలను సడలించడానికి ఫిజియోథెరపీ ఉంది. వీటితో తగ్గకపోతే, తక్కువ మోతాదులో యోనిలో వాడే ఈస్ట్రోజన్ సరిపడుతుందా లేదా అన్నది క్యాన్సర్ డాక్టరుతో చర్చించి తేల్చుకోవాలి. సొంతంగా కొనుక్కుని వాడకూడదు. నెలసరి ఆగినంత మాత్రాన గర్భం రాదనుకోవడమూ పొరపాటే. ఈ మాత్రలు వాడుతుండగా గర్భం రాకూడదు, హార్మోన్లున్న గర్భనిరోధక మాత్రలు ఈ జబ్బు వచ్చినవారికి పనికిరావు కనుక కండోమ్, కాపర్ టీ వంటి దారులు ఎంచుకోవాలి. దిగులు తగ్గడానికి ఇచ్చే మందుల్లో కొన్ని కోరికను తగ్గిస్తాయి, పారాక్సెటిన్ వంటివి, ఈస్ట్రోజన్‌ను అడ్డుకునే మాత్రల్లో ఒకటైన టామోక్సిఫెన్ పనిని కూడా తగ్గించవచ్చు. కాబట్టి ఏ డాక్టరు ఏ మందు రాసినా మిగతావన్నీ చూపించాలి.

ఆ సాయంత్రం నేను మా వారితో మాట్లాడాను. ఏడాదిన్నరగా ఆయన మంచం అంచున పడుకుంటుంటే నా ఛాతీ చూసి ఏవగించుకుంటున్నారని అనుకున్నాను. ఆయన భయం వేరు. చెయ్యి తగిలితే కుట్లు చిట్లుతాయేమోనని మొదట, అడిగితే నన్ను బాధపెట్టినట్టవుతుందని ఆ తర్వాత, ఆయన దూరంగా ఉండిపోయారు. నా చొక్కా బొత్తాలు నేనే విప్పి, ఆయన వేలిని పట్టుకుని మచ్చ మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపించాను. నాకు తెలిసే చోటు ఏదో, తెలియని చోటు ఏదో చెప్పాను. క్యాన్సర్ అంటుకునే జబ్బు కాదని, కలయిక వల్ల అది తిరగబెట్టదని, బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ రోగి ఒంట్లో నిలిచి ఉండి ఇంకొకరికి సోకదని ఆయనకు ఎవరైనా మొదటి వారంలోనే చెప్పి ఉంటే ఎంత బాగుండేది. కీమో జరుగుతున్న రోజుల్లో మాత్రం కండోమ్ వాడడం వంటి జాగ్రత్తలు ఉంటాయి, అవీ అడిగి తెలుసుకోవలసినవే.

ఇది భార్యాభర్తల సరసానికి మాత్రమే సంబంధించిన విషయమని కొట్టిపారేయవద్దని వైద్యులకు నా మనవి. నాతో పాటు పరీక్షకు వచ్చే ఒకామె ఈ బాధ భరించలేక, డాక్టరుకు చెప్పకుండా ఎనిమిది నెలలు మాత్రలు మానేసింది. అడిగే దిక్కు ఉంటే ఆమె మానేది కాదు. పెళ్లికాని అమ్మాయిలకు, భర్త పోయినవారికి కూడా ఇది అవసరమే, వారిని అసలు లెక్కలోకే తీసుకోకపోవడం మరీ అన్యాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో 23 లక్షల మంది స్త్రీలకు రొమ్ము క్యాన్సర్ ఉన్నట్టు తేలింది. వారిలో చాలామంది ఏళ్ల తరబడి బతుకుతారు. 1974లో అమెరికా అధ్యక్షుడి భార్య బెట్టీ ఫోర్డ్ తన రొమ్ము తొలగించిన సంగతిని దాచకుండా చెప్పినప్పుడు ఆ జబ్బు పేరు ఎత్తడానికే జంకే రోజులు. ఆ జంకు ఇప్పుడు చాలావరకు పోయింది, ఈ జంకు ఇంకా పోలేదు.

నేను కోరేది ప్రత్యేక విభాగాలు, కొత్త భవనాలు కాదు. ఆపరేషన్‌కు ముందు ఒకసారి, ఇంటికి పంపేటప్పుడు ఒకసారి, ఆ తర్వాత ప్రతి పరీక్షలోనూ నర్సు గానీ డాక్టరు గానీ, రోగి ఒంటరిగా ఉన్నప్పుడు, ఆ నర్సమ్మ అడిగిన ప్రశ్న అడగాలి. చెప్పడం ఇష్టం లేనివారిని బలవంతం చేయనక్కర్లేదు, అడగవచ్చునని తెలిస్తే చాలు. నా దగ్గర ఉన్న కాగితంలో గోడ వ్యాయామం బొమ్మ కింద రెండంగుళాల ఖాళీ ఉంది. ఆ ప్రశ్న, దాని కింద ఎవరిని కలవాలో ఒక వరుస, అక్కడ అచ్చు వేయవచ్చు. వచ్చే అక్టోబరులో మీ ప్రత్యేక పేజీలో కూడా ఈ విషయం మీద తెలిసిన వైద్యుల చేత ఒక వ్యాసం రాయించవలసిందిగా కోరుతున్నాను.

నా పేరు, చిరునామా మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. ఇందులో మా వారి మాటలు కూడా ఉన్నాయి కనుక ఆ పేరు, చిరునామా ప్రచురించవద్దని మనవి. ఉత్తరం పంపే ముందు ఆయనా చదివారు.

ఇట్లు,
మీ పాఠకురాలు