లడ్లోలోని మా కాటేజీని అమ్ముతున్నాం: మీకు ముందుగా చెప్పాల్సినవి

మా దగ్గర బస చేసినవాళ్ళకు, చేయబోతున్నవాళ్ళకు నమస్తే.

ఇంగ్లండ్‌లోని లడ్లో ఊళ్ళో ఉన్న మా కాటేజీని అమ్మాలని నిర్ణయించుకున్నాం. వచ్చే వారం ఎస్టేట్ ఏజెంట్ ఫోటోలు బయటికి వస్తాయి. వాటిని చూసి మీకు తెలియడం కన్నా మేమే ముందు చెప్పడం న్యాయం అనిపించింది.

మొదట బుకింగ్‌ల సంగతి. సెప్టెంబర్ ఆఖరు దాకా బుక్ చేసుకున్నవాళ్ళు టెన్షన్ పడక్కర్లేదు. ఈలోగా కొనేవాళ్ళు దొరికినా అప్పటిదాకా తాళాలు ఇచ్చేది లేదని ఏజెంట్‌కు రాసిచ్చాం. అక్టోబర్ నుంచి ఆపై తేదీలకు కట్టిన డబ్బు మొత్తం వెనక్కి ఇచ్చేస్తాం, అడ్వాన్స్‌లో ఒక్క పౌండ్ కూడా కోయం. దీపావళికి ఊరి నుంచి అమ్మానాన్నల్ని తీసుకొద్దామనుకున్నవాళ్ళకు విడిగా ఫోన్ చేస్తాం. అదే ఊళ్ళో, మెట్ల బాధ లేని వేరే ఇల్లు వెతికిపెట్టడం మా బాధ్యత.

ఎందుకు అమ్ముతున్నారని చాలామంది అడుగుతారు. లెక్కలు కుదరక. ఇక్కడ హాలిడే ఇళ్ళకు ప్రత్యేకంగా ఉన్న పన్ను పద్ధతి 2025 ఏప్రిల్ 6 నుంచి రద్దయింది. అంతకుముందు ఇంటి అప్పు మీద కట్టే వడ్డీని ఆదాయంలోంచి పూర్తిగా తీసేసి మిగిలినదానికే పన్ను కట్టేవాళ్ళం. ఇప్పుడు ఆ వడ్డీలో 20 శాతం మేరకే పన్నులో తగ్గిస్తారు. దాంతో పాత ఇంటి మరమ్మతులకు పక్కన పెట్టుకునే డబ్బే పోయింది. అద్దె పెంచి చూడొచ్చు కానీ, పిల్లలతో వచ్చే మామూలు కుటుంబాలకు అందని ధరకు ఇవ్వడం మాకు ఇష్టం లేదు. మరమ్మతులు వాయిదా వేస్తూ నడపడం అంతకన్నా ఇష్టం లేదు. ఆ ఇల్లు అంతకన్నా మంచి సంరక్షణకు అర్హమైనది.

మీలో కొందరు, "అమ్మితే మాకే చెప్పండి" అని ఎప్పుడో అన్నారు. మిగతాదంతా మీకోసమే రాస్తున్నాను. ఏజెంట్ కాగితంలో ఓక్ దూలాలు, కోట, వారానికి నాలుగు రోజుల సంత అన్నీ ఉంటాయి. అవన్నీ నిజమే. అందులో రాయనివి నేను చెబుతాను.

లడ్లోలో మధ్యయుగంలోనే స్థలాలను వీధివైపు సన్నగా, వెనక్కి పొడుగ్గా చీల్చి ఇచ్చారు. ముందు ఇల్లు, వెనక పొడవాటి పెరడు, ఆ పెరట్లో కొట్లు. మా కాటేజీ అలాంటి ఒక కొట్టే. అందులో బార్లీని నానబెట్టి, నేల మీద పరిచి మొలకెత్తించి, బీరు తయారీకి వాడే మాల్ట్ చేసేవాళ్ళు. గింజలు పరవడానికి ఎత్తు అక్కర్లేదు కాబట్టి పైఅంతస్తు కప్పు కిందికి ఉంటుంది. మీలో పొడుగువాళ్ళందరూ దూలానికి తల కొట్టుకోవడానికి కారణం అదే. మాకన్నా ముందు యజమానులు దాన్ని ఇల్లుగా మార్చారు.

ఇది గ్రేడ్ 2 లిస్టెడ్ కట్టడం, అంటే చారిత్రక కట్టడంగా ప్రభుత్వ రక్షణ జాబితాలో ఉంది. ఊళ్ళో లిస్టెడ్ కట్టడాలు 500 దాకా ఉన్నాయి. లిస్టింగ్ అంటే ముందు గోడ ఒక్కటే కాదు, లోపలి మెట్లు, తలుపులు, దూలాలు కూడా అందులోకే వస్తాయి. దాని స్వరూపం మారే ఏ పనికైనా ముందు అనుమతి తీసుకోవాలి. అనుమతి లేకుండా చేస్తే అది నేరం. వాస్తు గురించి అడిగేవాళ్ళకు సూటిగా చెప్పేస్తున్నాను: గుమ్మం పడమరకు ఉంది, దాన్ని మార్చే వీలు లేదు. వాస్తు మీకు ముఖ్యమైతే ఈ ఇల్లు చూడడానికి అంత దూరం రావద్దు.

అసలు జాగ్రత్తంతా గోడల విషయంలో. గానుగ సున్నంతో కట్టిన పాత ఇళ్ళలో పెరిగినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. సున్నపు గోడ చెమ్మను పీల్చుకుంటుంది, మళ్ళీ బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంట్ పూస్తే చెమ్మ లోపలే ఉండిపోయి ఇటుక పెళుసుబారుతుంది, కలప కుళ్ళుతుంది. పాత యజమానులు మూడు గోడలకు సిమెంట్ పూయించారు. రెండింటికి మేము అది గీకించి మళ్ళీ సున్నం వేయించాం. ఉత్తరం గోడ ఇంకా మిగిలే ఉంది, చలికాలంలో అక్కడ చెమ్మ కనిపిస్తుంది. ఆ పనికి మేము తెప్పించిన కొటేషన్ కొనేవాళ్ళకు చూపిస్తాం, ధర కూడా దాన్ని లెక్కలోకి తీసుకునే పెట్టాం.

ఇంకో చిక్కు ఉంది. పై పడకగదిలో ఒక మూల పక్కవాళ్ళ నడవ మీదికి వెళ్తుంది. కింద నేల వాళ్ళది, పైన గది మనది. దీన్ని ఇక్కడ ఫ్లయింగ్ ఫ్రీహోల్డ్ అంటారు. కొన్ని బ్యాంకులు ఇలాంటి ఇళ్ళకు అప్పు ఇవ్వడానికి వెనకాడతాయి. అందుకే సర్వేకు, అంటే ఇంటి స్థితిని నిపుణుడితో పరీక్ష చేయించడానికి, డబ్బు ఖర్చు పెట్టకముందే బ్యాంకును అడగండి. సర్వే చేయించేటప్పుడు అన్నిటికన్నా వివరంగా ఉండే లెవెల్ 3 చేయించండి, అదీ పాత ఇళ్ళు తెలిసిన సర్వేయర్‌తో. ఇందులో మాత్రం పొదుపు చూసుకోవద్దు.

స్టాంప్ డ్యూటీ గురించి కూడా. మీకు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫ్లాట్ ఉంటే అది కూడా లెక్కలోకి వస్తుంది. ఇప్పుడుంటున్న ఇంటిని అమ్మేసి దాని బదులు కొంటే తప్ప, ఇంకో ఇల్లు ఉన్నవాళ్ళు మామూలు డ్యూటీ మీద అదనంగా 5 శాతం కట్టాలి. 2024 అక్టోబర్ 31 నుంచి ఈ రేటు అమల్లో ఉంది. ఇండియాలో ఉండి కొనేవాళ్ళకు మరో 2 శాతం.

మన దగ్గర టోకెన్ అడ్వాన్స్ ఇస్తే మాట ఖాయమైనట్టే. ఇక్కడ అలా కాదు. సంతకం చేసిన కాంట్రాక్టులు ఇద్దరూ ఇచ్చిపుచ్చుకునేదాకా ఎవరైనా వెనక్కి తగ్గొచ్చు. మేము ఒకరికి మాట ఇచ్చాక, ఇంకెవరైనా పది వేలు ఎక్కువ ఇస్తామన్నా మాట మార్చం. మీరూ అలాగే ఉంటారని నమ్మే, ముందు మీకు చెబుతున్నాం.

వంటింటి గురించి ఒక్క మాట. తాలింపు వాసనకు భయపడి గోడలకు ప్లాస్టిక్ పెయింట్ వేయించకండి. బయటికి గాలి తోసే ఫ్యాన్‌ను అనుమతి తీసుకునే పెట్టించాం, అది సరిపోతుంది. కుక్కర్లు, ఇడ్లీ పాత్ర, గ్రైండర్ కొన్నవాళ్ళకే వదిలేస్తాం.

కార్ పార్కింగ్ లేదు. స్టేషన్‌కు నడిచి వెళ్ళొచ్చు, ష్రూస్‌బరీ, హెరెఫోర్డ్ వైపు రైళ్ళు ఉంటాయి.

ఇల్లు చూడడం ఏజెంట్ ద్వారానే. గురువారాలు మాత్రమే కుదురుతుంది, మిగతా రోజుల్లో అతిథులు ఉంటారు. ఉత్తరం గోడ ఫోటోలు కావాలంటే ముందే అడగండి, జనవరిలో తీసినవే పంపిస్తాం.