డాస్ ప్రోగ్రామ్‌ని దారిలో పెట్టిన కాకినాడ మాస్టారికి కృతజ్ఞతలు

అంబాజీపేటలో మాది కొబ్బరి కొట్టు అండి. లెక్కలన్నీ నాన్నగారి హయాంలో క్లిప్పర్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో రాయించిన డాస్ (విండోస్‌కి ముందు కాలం నాటి) ప్రోగ్రామ్‌లోనే ఇప్పటికీ నడుస్తున్నాయి. రైతుల ఖాతాలు, దింపు కూలీలు, కురిడీ (ఎండు కొబ్బరికాయ) రకాల్లో గండేరా ఎంత గటగట ఎంత, ఎవరి బాకీ ఎంత, అన్నీ అందులోనే. పాత కంప్యూటర్ పాడైపోయి ఇంకో విండోస్ ఎక్స్‌పీ మిషన్‌లోకి మార్పించాక మొదలయ్యాయి తిప్పలు. ఎవరిని అడిగినా "ఇంకా డాస్ ఏంటండీ, తీసి పారేయండి" అన్నవాళ్ళే. కాకినాడ నుంచి వచ్చిన మాస్టారు మాత్రం ఆ మాట అనకుండా "ముందు మీ గుమస్తాగారిని పని చేసుకోనివ్వండి, నేను చూస్తాను" అని ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

అసలు గొడవ బిల్లు సేవ్ చేసే దగ్గర. ప్రోగ్రామ్ రాసినాయన దానికి ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కాలని పెట్టారు. విండోస్‌లో అవే మీటలు డాస్ తెరని ఫుల్ స్క్రీన్ నుంచి చిన్న విండోకి, మళ్ళీ వెనక్కి మారుస్తాయి. గుమస్తాగారు సేవ్ నొక్కితే మధ్యలో విండోస్ అందుకునేది, తెర ఓసారి నల్లబడి తిరిగొచ్చేది, బిల్లు మాత్రం సేవ్ అయ్యేది కాదు. బయట లారీ లోడై డ్రైవరు తొందరపెడుతుంటే ఆ పెద్దాయన పడిన టెన్షన్ నేను కళ్ళారా చూశాను.

మాస్టారు ప్రోగ్రామ్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ తెరిచారు. డాస్ ప్రోగ్రామ్ అయితే అక్కడ ఫాంట్, మెమరీ, స్క్రీన్, మిస్క్ అని మామూలు వాటికి లేని ట్యాబులు వస్తాయి. స్క్రీన్‌లో ముందు విండో అని ఎంచి, తర్వాత మిస్క్‌లో షార్ట్‌కట్ కీల వరసలో ఆల్ట్ ఎంటర్ టిక్కు తీసేశారు. ఇక ఆ మీటలు విండోస్ ముట్టుకోదు, నేరుగా ప్రోగ్రామ్‌కే పోతాయి. అంతే, బిల్లు సేవ్ అయింది! గుమస్తాగారు మాస్టారి చెయ్యి పట్టుకుని వదల్లేదు.

అక్కడితో వెళ్ళిపోవచ్చు కదా, వెళ్ళలేదు. ఆ రోజు లెక్కల మొత్తం చూపించీ చూపించగానే విండో మూసుకుపోతుంటే ప్రోగ్రామ్ ట్యాబులో 'క్లోజ్ ఆన్ ఎగ్జిట్' టిక్కు తీశారు, ఇప్పుడు మేం మూసేదాకా అంకెలు తెర మీదే ఉంటున్నాయి. అక్షరాలు చీమల్లా ఉన్నాయంటే ఫాంట్ 10 బై 18 చేశారు. 80 అక్షరాలు, 25 వరసలు కాబట్టి లోపలి తెర 800 బై 450 పిక్సెళ్ళు అవుతుందని, మా మానిటర్‌లో హాయిగా పడుతుందని కాగితం మీద లెక్క వేసి మరీ చూపించారు. మౌస్ తగిలితే ప్రోగ్రామ్ బిగుసుకుపోవడానికి కారణం క్విక్ ఎడిట్ అనే సెట్టింగట. విండో లోపల క్లిక్ పడితే కాపీ చేసుకోవడానికి ఎంచుతున్నామనుకుని ఎస్కేప్ నొక్కేదాకా ప్రోగ్రామ్‌ని ఆపేస్తుంది, అప్పుడు టైటిల్ ముందు సెలెక్ట్ అని పడుతుంది. దాన్నీ తీసేశారు. కంప్యూటర్ ఫ్యాన్ మోత సంగతీ ఆయనే పట్టుకున్నారు. ఇలాంటి ప్రోగ్రాములు మీట కోసం ఖాళీ లేకుండా చూస్తూ ప్రాసెసర్‌ని తినేస్తాయని, ఐడిల్ సెన్సిటివిటీ అనే సెట్టింగు పెంచితే తగ్గుతుందని చెప్పి పెంచారు, తగ్గింది కూడా.

ఈ సెట్టింగులన్నీ పిఫ్ అనే చిన్న ఫైల్లో ఉంటాయట. డాస్ ప్రోగ్రామ్‌కి షార్ట్‌కట్ చేసినా తయారయ్యేది అదే, విండోస్ దాని ఎక్స్‌టెన్షన్ చూపించదు. మిషన్ మార్చిన కుర్రాడు ఫోల్డర్ తెచ్చాడు గానీ డెస్క్‌టాప్ మీది ఈ ముక్క పాతదాంట్లోనే ఉండిపోయింది. ఇప్పుడు డేటాతో పాటు అదీ పెన్‌డ్రైవ్‌లో ఉంది.

64 బిట్ విండోస్‌లో ఇది అసలు తెరుచుకోదని, విండోస్ 11 అయితే 64 బిట్‌లోనే వస్తుందని, అప్పుడు పాత డాస్‌ని అనుకరించే డాస్‌బాక్స్ లాంటిది పెట్టుకోవాలని కూడా ముందే చెప్పారు. డాస్‌బాక్స్ ఆటల కోసం తయారైంది కాబట్టి ప్రింటర్ దగ్గర వేరే ఏర్పాటు చూసుకోవాలట.

మాస్టారూ, డబ్బులిస్తే తీసుకోలేదు, కాయలు కారులో పెడితే వద్దన్నారు. మీరు చేసింది మా కొట్టుకి చాలా పెద్ద సాయం అండి. మండపేట, రావులపాలెం వైపు మిల్లుల్లో ఇలాంటి ప్రోగ్రామ్‌తో అవస్థ పడుతున్నవాళ్ళుంటే మా కొట్టుకి రండి, మధ్యాహ్నం పూట అయితే గుమస్తాగారికి కాస్త ఖాళీ ఉంటుంది, ఆయనే కూర్చోబెట్టి చూపిస్తారు.