విశ్వం రివర్సులో పోతోందా ఎడిటర్ గారూ?

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్నటి ఆదివారం సంచికలో మీరు వేసిన విశ్వం ఐటెం గురించి ఇది. మీరే సవరణ వేస్తారేమోనని ఇన్నాళ్ళూ ఆగా, వెయ్యలేదు. "విశ్వం కుంచించుకుపోతోంది" అని అంత లావు అక్షరాలతో హెడ్డింగ్ పెట్టారు కదా, ఎవరు చెప్పారండీ మీకు?

మీ హెడ్డింగ్ పుట్టింది దీన్నుంచే అనుకుంటా: అమెరికాలో అరిజోనాలోని కిట్ పీక్ అనే కొండ మీద, గెలాక్సీల దూరాలు కొలిచే డెసి అనే పరికరం ఉంది. అందులో 5,000 ఫైబర్లు, ఒక్కోదాన్ని ఒక బుల్లి రోబో తిప్పి ఒక్కో గెలాక్సీకి గురిపెడుతుంది, ఆ వచ్చిన వెలుగు ఎరుపు వైపు ఎంత జరిగిందో చూసి అది ఎంత దూరంలో ఉందో లెక్క కడతారు. అలా కోటిన్నర దాకా గెలాక్సీలూ, క్వేజార్లూ (దూరపు గెలాక్సీల నడుమ మహా వెలుగుతో మెరిసే కేంద్రాలు) కొలిచి 2025 మార్చిలో వాళ్ళు చెప్పిందల్లా, విస్తరణని ముందుకి తోస్తున్న డార్క్ ఎనర్జీ కాలంతో పాటు కాస్త బలహీనపడుతూ ఉండొచ్చు అని. ఉండొచ్చు అన్నారు, అంతే! వేరే డేటాతో కలిపినా 2.8 నుంచి 4.2 సిగ్మా (ఫలితం ఎంత గట్టిదో చెప్పే కొలత) వచ్చింది, కనిపెట్టాం అనాలంటే 5 రావాలి. యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం తీస్తే బండి రివర్సులో పోతోందని రాసేస్తారా?

ఇక బాక్సులో ఇంకో ఘనకార్యం, విశ్వం "సెకనుకి 70 కిలోమీటర్ల వేగంతో" విస్తరిస్తోందట. దేనికి 70? 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గెలాక్సీ మన నుంచి దూరం జరిగే వేగం అది, దానికి రెట్టింపు దూరంలో ఉన్న గెలాక్సీకి 140, అలా పెరుగుతూ పోతుంది, 1929లో హబుల్ అనే ఖగోళ శాస్త్రవేత్త చూపించింది ఇదే కదా. ఆ ముక్క పీకేస్తే మిగిలేది ఏంటి, మన భూమే సూర్యుడి చుట్టూ సెకనుకి 30 కిలోమీటర్లు పోతోంది. అసలు గొడవేమో మీరు ముట్టుకోనే లేదు. ప్లాంక్ ఉపగ్రహం కొలిచిన విశ్వం తొలినాటి వెలుగుని బట్టి చూస్తే ఆ 70 అనే అంకె 67 చిల్లర వస్తోంది, దూరాలు తేల్చడానికి వాడే సెఫీడ్ నక్షత్రాలూ, పేలిపోయే నక్షత్రాలైన సూపర్నోవాలూ పట్టుకుని కొలిస్తే 73 దగ్గర వస్తోంది, ఏళ్ళ తరబడి తేలట్లేదు. వార్త అంటే అది. ఆ చోటంతా బెలూన్ బొమ్మకి ఇచ్చేశారు, పక్కనే వారఫలాలు.

అయినా మిమ్మల్నొక్కరినే అని ఏం లాభంలెండి. 1901లోనే హైదరాబాద్‌లో ఒక నవాబు గారు విదేశాల నుంచి టెలిస్కోప్ తెప్పించి నిజామియా అబ్జర్వేటరీ పెట్టారు, లక్షల నక్షత్రాల కేటలాగ్ తయారైంది అక్కడ. తర్వాత హైదరాబాద్‌కి దగ్గర్లోని జపాల్ రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోప్ కూడా పెట్టుకున్నాం. ఇప్పుడు మా ఊళ్ళో చూడండి, హైమాస్ట్ లైట్ల వెలుగు సగం ఆకాశంలోకే పోతోంది, కొంచెం కిందకి వంచండయ్యా అని మునిసిపాలిటీలో అడిగితే "పైనేముంది సార్ చూడ్డానికి" అన్నాడో మహానుభావుడు. హైస్కూల్లో ఒక టెలిస్కోప్ ఉందట, బీరువాలో, తాళం చెవి ఎప్పుడో రిటైరైన మాస్టారి దగ్గర! దీనికి మళ్ళీ ఏటా సైన్స్ డే నాడు ఫ్లెక్సీలొకటి.

సవరణ వేస్తే మాత్రం అదే ఆదివారం పేజీలో, అదే సైజు అక్షరాల్లో వెయ్యండి. టెండర్ నోటీసుల కింద కాదు.

ఇట్లు,
మీ పాత చందాదారు